పాత యంత్రం.. కొత్త పని

2023 నవంబరులో నాసా వ్యోమనౌక వాయేజర్-1 నుంచి వచ్చే సమాచారం ఉన్నట్టుండి అర్థం లేని అంకెలుగా మారిపోయింది. అప్పటికి దాని వయసు 46 ఏళ్లు. భూమికి సుమారు 2,400 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. మనం పంపే ఆదేశం అక్కడికి చేరడానికే 22 గంటలకు పైగా పడుతుంది. జవాబు రావడానికి మళ్లీ అంతే సమయం.

లోపం ఒక మెమరీ చిప్‌లో ఉందని నెలల తరబడి వెతికాక తేలింది. చిప్‌ను మార్చే వీల్లేదు. అందులోని ప్రోగ్రామ్ మొత్తం పట్టేంత ఖాళీ మరెక్కడా ఒకేచోట లేదు. దాంతో ఇంజినీర్లు దాన్ని ముక్కలు చేసి, మెమరీలో దొరికిన చోటల్లా సర్ది, అవన్నీ కలిసి పనిచేసేలా మార్చారు. 2024 ఏప్రిల్ 18న ఆదేశం పంపితే, 20న జవాబు వచ్చింది. నౌక మళ్లీ మాట్లాడింది!

ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నవాడిగా నన్ను ఆకట్టుకుంది ఆ మరమ్మతు కాదు, దానికి వీలు కల్పించిన ముందుచూపు. 1977లో వాయేజర్ జంటను పంపింది ప్రధానంగా గురు, శని గ్రహాల కోసమే. అయినా వాటి కంప్యూటర్లను భూమి నుంచే మార్చుకునేలా తయారుచేశారు. వాయేజర్-2 1986లో యురేనస్‌ను చేరేసరికి సంకేతాలు బలహీనపడ్డాయి. అప్పుడు అదనంగా పెట్టిన రెండో కంప్యూటర్‌కు ఫొటోల సైజు తగ్గించే పని అప్పగించారు. ఆ ప్రోగ్రామ్‌ను నౌక బయలుదేరిన తర్వాతే పంపారు.

ఇప్పుడు మనం ఎక్కే విమానాల సంగతి చూద్దాం. బోయింగ్ 737 తొలిసారి ఎగిరింది 1967లో. చిన్న విమానాశ్రయాల్లో సామాను ఎక్కించడం, దించడం తేలికవుతుందని దాన్ని నేలకు దగ్గరగా కట్టారు. అప్పటి అవసరానికి అది సరైన నిర్ణయమే. కానీ దశాబ్దాల తర్వాత ఇంధనం ఆదా చేసే పెద్ద ఇంజిన్లు వచ్చేసరికి రెక్కల కింద చోటు చాలలేదు. 737 మ్యాక్స్‌లో ఇంజిన్లను ముందుకు, పైకి జరిపారు. దానివల్ల కొన్ని సందర్భాల్లో విమానం ముక్కు పైకి లేచే ధోరణి ఏర్పడింది. దాన్ని కిందికి దించడానికి ఎంక్యాస్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టారు.

అది ఒకే ఒక్క సెన్సర్ చెప్పిన కోణాన్ని నమ్మింది. పైగా అలాంటిది ఒకటి ఉందని పైలట్ల మాన్యువల్‌లో వివరించలేదు. 2018 అక్టోబరులో ఇండోనేషియాలో, 2019 మార్చిలో ఇథియోపియాలో రెండు విమానాలు కూలి 346 మంది చనిపోయారు. వారిలో మన భారతీయులూ ఉన్నారు. ఆ తర్వాతే రెండు సెన్సర్లను పోల్చి చూడడం, పైలట్లకు ప్రత్యేక శిక్షణ ఇవ్వడం వచ్చాయి.

రెండుచోట్లా పాత యంత్రంతో కొత్త పని చేయించింది సాఫ్ట్‌వేరే. ఒకచోట మార్పు కోసం ముందే చోటు ఉంచారు. రెండోచోట చోటు లేక సాఫ్ట్‌వేర్‌తో సర్దారు, ఆ సంగతి నడిపేవాళ్లకు సరిగా చెప్పలేదు. మార్పును తట్టుకోవడమంటే భవిష్యత్తును ఊహించడం కాదు. కొంత ఖాళీ ఉంచాలి. ఏ ఒక్క భాగాన్నీ గుడ్డిగా నమ్మకూడదు. ఏం మార్చామో తర్వాతివాళ్లకు తెలిసేలా రాయాలి.

ఇక్కడ మన పిల్లలు చాలామంది ఏరోస్పేస్ చదువుతామంటున్నారు. కొత్త టెక్నాలజీలు కాలేజీలోనే నేర్చుకుంటారు. ‘నువ్వు చేసిన దాన్ని ఇరవై ఏళ్ల తర్వాత మార్చాల్సి వస్తే, మార్చేవాళ్లకు ఏం మిగిల్చావు?’ అన్న ప్రశ్నను మాత్రం మనమే అలవాటు చేయాలి. వాయేజర్‌ను తయారుచేసిన ఇంజినీర్లలో చాలామంది రిటైరయ్యారు, కొందరు కన్నుమూశారు. చిప్ పాడైన రోజున ఈ తరం ఇంజినీర్లు ముందేసుకుని కూర్చున్నది వాళ్లు రాసిపెట్టిన ఆ పాత కాగితాలనే.