పక్క పార్టిషన్‌లోని ఫైళ్లు: చదవడం వేరు, రాయడం వేరు

ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ పెట్టుకున్నవారికి ఒక వైపు పనిచేస్తూ రెండో వైపున్న ఫైలు తెరవాల్సిన అవసరం తరచూ వస్తుంది. అది సాధ్యమే. అయితే చదవడం వేరు, రాయడం వేరు. ఆ తేడా పట్టించుకోకపోతే ఫైళ్లు పోతాయి.

డిస్కును విభజించినప్పుడు ఏర్పడే ఒక్కో భాగం పార్టిషన్. అందులో ఏ ఫైలు ఎక్కడుందో లెక్క రాసుకునే పద్ధతి ఫైల్ సిస్టమ్. విండోస్ వాడేది 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్. లినక్స్‌లో ఎక్కువగా కనిపించేది ఎక్స్‌ట్4.

లినక్స్‌కు ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను చదవడం, రాయడం రెండూ వచ్చు. ఫైల్ మేనేజర్‌లో ఆ పార్టిషన్‌పై క్లిక్ చేస్తే మౌంట్ అవుతుంది, అంటే మామూలు ఫోల్డర్‌లా తెరుచుకుంటుంది. దానికి విండోస్‌లోని బిట్‌లాకర్ ఎన్‌క్రిప్షన్ తాళం ఉంటే మాత్రం ముందు పాస్‌వర్డో, 48 అంకెల రికవరీ కీయో ఇవ్వాలి.

అసలు చిక్కు విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్. ఇది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు. తన కెర్నల్ (సిస్టమ్‌కు కేంద్రమైన భాగం) స్థితిని డిస్కులో దాచుకుని, మళ్లీ ఆన్ చేసినప్పుడు అక్కడి నుంచే కొనసాగుతుంది. ఈలోగా లినక్స్ నుంచి కొత్త ఫైలు రాస్తే విండోస్‌కు తెలియదు. పాత లెక్కతోనే రాసుకుంటూ పోతుంది. కొత్త ఫైలు మాయం కావచ్చు, పాతవీ పాడైపోవచ్చు.

అందుకే అలాంటి పార్టిషన్‌ను లినక్స్ సాధారణంగా చదవడానికి మాత్రమే తెరుస్తుంది, లేదా అసలు తెరవదు. దాన్ని బలవంతంగా తెరవకండి. విండోస్‌లోని పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. ఆ ఒక్కసారికైతే విండోస్‌ను రీస్టార్ట్ చేసి నేరుగా లినక్స్‌లోకి వస్తే చాలు.

విండోస్ నుంచి లినక్స్ వైపు వెళ్లడం ఇంత సులువు కాదు. విండోస్ తనంతట తాను ఎక్స్‌ట్4ను చదవలేదు. ఎక్స్‌ట్4 ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్కు తగిలిస్తే ఒక్కోసారి ఫార్మాట్ చేయాలంటుంది. డిస్కు చెడిపోయిందని దాని అర్థం కాదు. అక్కడ క్యాన్సిల్ నొక్కండి. ఫార్మాట్‌కు ఒప్పుకుంటే అందులోని ఫైళ్లు పోయినట్టే.

రెండు వైపులా కావలసిన ఫైళ్లకు రెండూ చదివి రాయగల ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్‌తో మూడో పార్టిషన్ పెట్టుకోవడం మంచిది. 2019లో వచ్చిన 5.4 కెర్నల్ నుంచి లినక్స్‌లోనే దానికి డ్రైవర్ ఉంది. పాత ఫైల్ సిస్టమ్ ఫ్యాట్32లో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదన్న పరిమితి దీనికి లేదు. అయితే రాస్తుండగా కరెంటు పోతే తేరుకునేందుకు ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ట్4లు రాసుకునే జర్నల్ ఇందులో ఉండదు. కాబట్టి ముఖ్యమైన ఫైలుకు వేరే డిస్కులో ఇంకో కాపీ ఉంచండి.