సెల్‌ఫోను చెడిపోయినపుడు కొన్నవారికి గల హక్కులు

మేము గ్రామములకు పోయినపుడు తరచుగా వినుచుండు మాట యొకటి కలదు. “ఫోను కొని మూడు నెలలు కాలేదండీ, ఆగిపోయినది. దుకాణదారు కంపెనీ నడుగుమన్నాడు. కంపెనీవారు నీరు తగిలినదన్నారు. ఇంకేమి చేస్తాము?” అని నిట్టూర్చి, అప్పుచేసి మరల క్రొత్తది కొనువారు పెక్కుమంది. నేడు ఫోను విలాసవస్తువు కాదు. బ్యాంకు సమాచారము, పిల్లల పాఠములు, పంట ధరలు దానిద్వారానే తెలియుచున్నవి. కష్టార్జితమైన పదివేల రూపాయలను ఊరక వదలుకొన నక్కరలేదని గ్రామస్థులకు తెలియజెప్పుట పంచాయతీ సభ్యుల కర్తవ్యము.

వారంటీ యననేమి?

వారంటీ యనగా తయారీదారు వ్రాసి యిచ్చిన హామీ. నిర్ణీతమైన గడువులో తయారీ లోపమువలన వస్తువు చెడినచో, ఖర్చు లేకుండ బాగుచేసి గాని, మార్చి గాని యిత్తుమని దాని భావము. ఫోనులకు, కంప్యూటర్లకు ఈ గడువు సాధారణముగా ఒక సంవత్సరము. చార్జరు వంటి వానికి తక్కువ గడువుండవచ్చును. క్రిందపడి అద్దము పగిలినను, నీట తడిసినను సాధారణముగా ఈ హామీ వర్తింపదు. గడువు తీరకముందే బయటి మరమ్మతుదారుచే విప్పించినచో, కంపెనీ ఆ సాకు చూపి నిరాకరింపవచ్చును. కావున తొందరపడరాదు.

చట్టము చెప్పునదేమి?

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలై 20న అమలులోనికి వచ్చినది. రశీదు నిరాకరించుట ఈ చట్టము ప్రకారము అనుచిత వ్యాపార పద్ధతి. “అమ్మిన సరకు వాపసు తీసికొనబడదు” అని అచ్చువేసినంతమాత్రమున లోపముగల వస్తువు విషయమున అమ్మినవారి బాధ్యత తీరదు. ఆన్‌లైన్‌లో తెప్పించుకొన్నవారికిని ఈ రక్షణ కలదు. జీవనోపాధికై స్వయముగా నడుపుకొను జిరాక్సు దుకాణమునకు కంప్యూటరు కొన్నవాడును వినియోగదారుడే.

కొనునపుడు, చెడినపుడు

కొనునపుడు రశీదు తప్పక తీసికొనవలెను. ఫోనునకు 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య యుండును. *#06# అని నొక్కినచో అది తెరపై కనబడును. ఆ సంఖ్య రశీదులో నున్నదో లేదో చూచుకొనవలెను. కొన్ని రశీదులపై అక్షరములు కొద్దినెలలకే మాసిపోవును గనుక, నాడే నకలు తీయించుట మేలు.

ఫోను చెడినపుడు కంపెనీవారి సర్వీసు కేంద్రమున కిచ్చి, తేదీ, లోపము వ్రాసిన కాగితము పుచ్చుకొనవలెను. ఇచ్చుటకు ముందు సిమ్ము తీసికొని, ఫోటోలు, ముఖ్యమైన వివరములు వేరొకచోట భద్రపరచుకొనవలెను. వారు నిరాకరించినచో, కారణమును వ్రాతపూర్వకముగా నడుగవలెను. నోటిమాట ఋజువు కాజాలదు.

ఫిర్యాదు ఎక్కడ?

మొదట జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయవచ్చును. తెలుగులో మాటాడవచ్చును. వారు ఫిర్యాదును కంపెనీకి పంపి పరిష్కారమునకు ప్రయత్నింతురు. కాని తీర్పు చెప్పు అధికారము వారికి లేదు. అచట పని జరుగనిచో జిల్లా వినియోగదారుల కమిషనుకు ఫిర్యాదు చేయవలెను. దుకాణము హైదరాబాదులో నున్నను, ఢిల్లీలో నున్నను, ఫిర్యాదుదారు నివసించు జిల్లాలోనే దాఖలు చేయవచ్చును. చెల్లించిన ధర 5 లక్షల రూపాయలకు మించనిచో రుసుము లేదు. వకీలును పెట్టుకొనవలెనను నిర్బంధమును లేదు. అయితే వివాదము పుట్టిన నాటినుండి 2 సంవత్సరములలోపల ఫిర్యాదు చేయవలెను. లోపము ఋజువైనచో బాగుచేయుటకు, మార్చి యిచ్చుటకు, ధర తిరిగి చెల్లించుటకు, నష్టపరిహార మిచ్చుటకు కమిషను ఉత్తరువు చేయగలదు.

మన కార్యాలయమునుండే

ఈ అలవాటు పంచాయతీ కార్యాలయమునుండే మొదలు కావలెను. కార్యాలయపు కంప్యూటరు రశీదు, వారంటీ కాగితము ఎచటనున్నవో సభ్యులు నేడే అడిగి చూడవలెను. గడువు తీరు తేదీని స్టాకు రిజిష్టరులో వ్రాయింపవలెను. పిదప గ్రామసభలో ఈ విషయమును పది నిమిషములు ముచ్చటించినచో, రశీదును సంచిలో పారవేయక పెట్టెలో దాచుకొను గృహస్థులు ప్రతి వీధిలోను కనబడుదురు. ఆ చిన్న కాగితమే రేపు వారి పక్షమున మాటాడు సాక్షి.