గోడకు కప్పు తగిలించే ముందు

కొత్త కారు ఇంటికి రాగానే పక్క సందులో రేకుల షెడ్డు వెలుస్తుంది. వెల్డింగ్ షాపు వాళ్లు కొలతలు తీసుకుని బయటి వైపు రెండు ఇనుప స్తంభాలు పాతుతారు. లోపలి వైపు స్తంభాలు దండగని ఇంటి గోడకే యాంగ్లర్ బిగించి దాని మీద రేకులు పరుస్తారు. పని ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. అసలు పరీక్ష వానాకాలంలోనూ, గాలిదుమారంలోనూ మొదలవుతుంది.

కప్పు బరువును గోడ మోస్తుందా అని చాలామంది అడుగుతారు. అడగాల్సింది కప్పు పైకి లేస్తే గోడ పట్టుకుని ఉంచగలదా అని. గాలి భారాల కోసం మన దేశంలో పాటించే ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం. దాని ప్రకారం విశాఖపట్నం, విజయవాడలలో లెక్కకు తీసుకోవాల్సిన మూల వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాద్‌కు అది 44 మీటర్లు. సెకనుకు 50 మీటర్ల గాలి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల ఒత్తిడి పుట్టిస్తుంది. అందులో సగమే కప్పును పైకి లాగిందనుకున్నా, 10 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవున్న షెడ్డు మీద పడే లాగుడు 12 క్వింటాళ్లు దాటుతుంది. ఆ షెడ్డు రేకులన్నీ కలిపి ఒక క్వింటాలు కూడా తూగవు. మిగిలిన భారమంతా ఆపాల్సింది బోల్టులే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు నగరమంతటా రేకులు ఎగిరిపోయాయి, విమానాశ్రయం టెర్మినల్ పైకప్పు కూడా దెబ్బతింది.

అందుకే బోల్టు దిగే చోటు మీద మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. ఇప్పటి ఇళ్లలో చాలావరకు బరువు మోసేవి పిల్లర్లు, బీములు. వాటి మధ్య గోడ ఖాళీని పూడ్చేది మాత్రమే. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలో, తేలికపాటి బ్లాకుల గోడలో మామూలు యాంకర్ బోల్టు బిగిస్తే, విచ్చుకునేటప్పుడే చుట్టూ ఉన్న ఇటుకను పగలగొట్టవచ్చు. ఆ బోల్టు పైకి గట్టిగానే కనిపిస్తుంది, చేత్తో లాగితే కదలదు కూడా. ఈదురుగాలికి మాత్రం ఇటుక ముక్కతో సహా ఊడి వస్తుంది.

రంధ్రం వేసేటప్పుడు రాలే పొడిని చూస్తే సంగతి తెలిసిపోతుంది. మొదట బూడిదరంగులో రాలేది ప్లాస్టరింగ్. తర్వాత ఎర్రటి పొడి వచ్చిందంటే అది ఇటుక. బూడిదరంగు అలాగే కొనసాగి, డ్రిల్లు ముందుకు కదలడానికి మొరాయిస్తే సాధారణంగా అది బీము. సిమెంటు ఇటుకల ఇళ్లలో రంగు మోసం చేస్తుంది కాబట్టి, అక్కడ ఇంటి ప్లానులో బీము ఎక్కడుందో చూసుకోవడమే క్షేమం. బోల్టు లోతును ప్లాస్టరింగ్ దాటాకే కొలవాలి. రసాయన జిగురు పోసి బిగించే బోల్టులైతే రంధ్రంలోని దుమ్మును ఊది, బ్రష్షుతో తోమి, మళ్లీ ఊదాలి. పనివాళ్లు తొందరలో ఎక్కువగా వదిలేసేది ఈ పనినే. దుమ్ము మీద జిగురు పట్టదు.

బీము అందుబాటులో లేకపోతే? నాలుగు స్తంభాలూ వేసి కప్పును దాని కాళ్ల మీదే నిలబెట్టడం మేలు. నల్లరేగడి నేలల్లో ఇందుకు మరో కారణం ఉంది. ఆ మట్టి తడికి ఉబ్బి, ఎండకు కుంగుతుంది. పాత ఇంటి పునాది ఒక తీరుగా, కొత్త స్తంభం గుంత మరో తీరుగా కదులుతాయి. రెండింటినీ బిగించి కట్టేస్తే గోడ బీటలు వారుతుంది. అదనపు స్తంభాల ఖర్చును పొదుపు పేరుతో వదులుకోవడం సరైన లెక్క కాదు.

ఇక నీళ్లు. వాన గోడ మీద కొట్టి, గోడను అంటుకుని జారుతూ రేకు అంచు వెనక్కి దిగుతుంది. కప్పు స్వతంత్రంగా నిలబడినా ఈ సందును మూయక తప్పదు. చాలా ఇళ్లలో అక్కడ సిమెంటు పూసేస్తారు. పగలు ఎండకు వేడెక్కి, సాయంత్రం జల్లుకు చల్లబడే ఇనుప రేకు 18 అడుగుల పొడవులో రెండు మూడు మిల్లీమీటర్లు సాగి ముడుచుకుంటుంది. సిమెంటు పూత అంత కదలికకు తట్టుకోలేక పగులుతుంది. చేయాల్సింది ఇది: రేకుకు ఆరంగుళాల ఎత్తున గోడలో అంగుళం లోతు గాడి కోసి, వంచిన లోహపు పట్టీ పై అంచును అందులోకి దూర్చి, సాగే సీలెంటుతో మూయాలి. పట్టీ కింది అంచు రేకు మీదికి మరో ఆరంగుళాలు వాలి ఉండాలి. దీన్నే ఫ్లాషింగ్ అంటారు. గోడ మీద జారే నీరు దాని మీద పడి రేకు మీదికి పోతుంది.

రేకు వాలు ఎప్పుడూ గోడకు దూరంగా ఉండాలి. మేడ మీది నీటి పైపును తెచ్చి రేకు మీద వదలకూడదు. స్క్రూల కింది రబ్బరు వాషరు అంచు దాకా కాస్త ఉబ్బితే చాలు. అంతకు మించి బిగిస్తే చీలి, అక్కడి నుంచే నీరు కారుతుంది.

ఇంటి చుట్టూ వదిలిన ఖాళీలో కప్పు వేయడానికి పురపాలక నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో ముందే కనుక్కోవాలి. పని పూర్తయ్యాక, మిగిలిన డబ్బు ఇచ్చేలోపు మేడ మీద నుంచి గొట్టంతో గోడ వెంట అరగంట సేపు నీళ్లు వదిలి, కింద నిలబడి చూడాలి. కారితే సరిచేయించడానికి పనివాళ్లు అప్పటికింకా అక్కడే ఉంటారు.