మహిమ వేరు, మాన్యం వేరు: అపోహలు – వాస్తవాలు

రాయలసీమలో పేరున్న మఠానికో దర్గాకో వెళితే తరచూ వినిపించే మాట ఒకటుంది: "ఈ మహిమకు సర్కారు రికార్డే సాక్ష్యం." ఆ రికార్డుల్లో చాలావరకు భూమి కాగితాలే. ఎవరిచ్చారు, ఎవరి పేరిట ఇచ్చారు, ఏ సేవకు ఇచ్చారు అన్నది వాటిలో ఉంటుంది. లేనిదాన్ని వాటిలో చదవడం వల్లే అపోహలు పుడుతున్నాయి.

అపోహ: కలెక్టరు మన్రో దొర రాఘవేంద్రస్వామితో మాట్లాడిన సంగతిని సర్కారు గెజిట్‌లోనే ధ్రువీకరించారు.

వాస్తవం: ఆ కథ ఉన్నది 1904లో డబ్ల్యు. ఫ్రాన్సిస్ కూర్చిన బళ్లారి జిల్లా గెజిటీర్‌లో. గెజిట్‌లో వచ్చేవి ఉత్తర్వులు. గెజిటీర్‌లో జిల్లా చరిత్ర, ఊళ్లు, పంటలతోపాటు జనం చెప్పుకునే కథలూ ఉంటాయి. 1953 దాకా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనే ఉండేది కనుక మంచాల, అంటే నేటి మంత్రాలయం, ఆ పుస్తకంలోకి ఎక్కింది. మఠం ఈనాం రద్దు చేయాలన్న మాట రాగా మన్రో విచారణకు వచ్చారట. బూట్లు, టోపీ తీసి బృందావనం దగ్గరికి వెళితే స్వామి ఆయన ఒక్కరికే కనిపించి మాట్లాడారట. ఆ తర్వాత రద్దు మాట ఆగిపోయిందట. ఫ్రాన్సిస్ దీన్ని రాసింది కూడా ఈ "అట" ధోరణిలోనే. మన్రో దత్తమండలాల కలెక్టరుగా ఉన్నది 1800 నుంచి 1807 వరకు. కథ ఈ పుస్తకానికెక్కేసరికి దాదాపు నూరేళ్లు గడిచిపోయాయి. 1904 నాటికి ఆ నమ్మకం జనంలో ఎంత బలంగా ఉందో చెప్పడానికి గెజిటీర్ మంచి సాక్ష్యం. మన్రో కాలంలో బృందావనం ముందు ఏం జరిగిందో తేల్చడానికి మాత్రం అది చాలదు.

అపోహ: ముస్లిం ఏలికలు మాన్యాలిచ్చింది దర్గాలకే.

వాస్తవం: ఆదోని అప్పట్లో బీజాపూర్ సుల్తానుల కింద సిద్ది మసూద్ ఖాన్ ఏలుబడిలో ఉంది. మంచాలను స్వామికి ఇచ్చింది ఆయన దివాను వెంకన్న అని గెజిటీర్ రాసింది. నవాబే స్వయంగా ఇచ్చాడని జనం చెబుతారు. ఎవరి చేత్తో ఇచ్చినా, ముస్లిం పాలనలోని ఊరు మాధ్వ పీఠానికి దక్కింది. 1671లో స్వామి అక్కడే బృందావన ప్రవేశం చేశారు. ఉత్సవానికి లింగాయతులు సైతం వచ్చేవారని అదే గెజిటీర్ చెబుతుంది.

అపోహ: గండిలో బంగారు తోరణం కనిపించడం వల్లే మన్రో చనిపోయారు.

వాస్తవం: కడప జిల్లా వేంపల్లె దగ్గర పాపాఘ్ని ఒడ్డునున్న గండిలో ఇప్పటికీ చెప్పుకునే కథ ఇది. నిజానికి, అప్పుడు మద్రాసు గవర్నరుగా ఉన్న మన్రో పర్యటనలో కలరా సోకి 1827 జులై 6న కర్నూలు జిల్లా పత్తికొండలో కన్నుమూశారు.

అపోహ: ఈనాం అంటే నేల మీద సర్వహక్కులూ వచ్చినట్టే.

వాస్తవం: చాలా ఈనాముల్లో దేవుడికో మఠానికో రాసిచ్చింది సర్కారుకు రావలసిన శిస్తును, అంటే మేలువారాన్ని. కుడివారం సాగు చేసే రైతుదే. కొన్ని దానాల్లో మాత్రం నిధి, నిక్షేపం, జలం, పాషాణం అంటూ అష్టభోగాలనూ ఏకరువు పెట్టి ఇచ్చారు. ఏది ఇచ్చారో కాగితం చదివితేనే తెలుస్తుంది. 1858లో ఏర్పడిన ఈనాం కమిషన్ ఈ వివరాలను రిజిస్టర్లకెక్కించింది. 1956లో ఈనాముల రద్దు చట్టం వచ్చినా, దేవాదాయ, వక్ఫ్ భూముల తగాదాల్లో నేటికీ ఆ రిజిస్టరు నకళ్లే తిరగేస్తారు.

అపోహ: శాసనమో పట్టానో లేకపోతే అక్కడ భక్తే లేనట్టు.

వాస్తవం: భూమి కాగితం చెప్పేది భూమి ఇవ్వగలిగినవారి భక్తిని. ఊరి పీర్ల చావిడికి దీపం నూనె తెచ్చిన కూలీ పేరు ఏ పట్టాలోనూ ఉండదు. మరోవైపు, ఒక్క కాగితమే ఎంతో చెప్పిన సందర్భాలూ ఉన్నాయి. ఇటలీలోని రవెన్నాలో క్రీ.శ. 551లో గోత్ జాతివారి చర్చి అర్చకులు భూమి అమ్ముతూ లాటిన్‌లో దస్తావేజు రాశారు. అందులో చర్చి పేరు సెయింట్ అనస్తాసియాది. రాసింది అమ్మకం కోసమే అయినా, ఆ ఊరి గోత్‌లు ఆ పుణ్యవతి పేరిట కొలుపు నిలిపారని మనకు తెలిసింది. అదే శతాబ్దం చివర మన రేనాటి ఎర్రగుడిపాడులో పాలకుడు ఎరికల్ ముత్తురాజు చేసిన భూదానం తెలుగులో రాతికెక్కింది.

మహిమను నమ్మడం, నమ్మకపోవడం ఎవరిష్టం వారిది. భూమి కాగితం మాత్రం మహిమకు రశీదు కాదు, మనుషుల భక్తికీ వారి మధ్య ఒప్పందానికీ సాక్ష్యం. మీ ఊరి గుడికో దర్గాకో మాన్యం ఉంటే ఈనాం రిజిస్టరు నకలుకు దరఖాస్తు పెట్టి తెప్పించుకోండి. కథను కథగా చెప్పుకోండి, కాగితాన్ని కాగితంగా చదవండి.