ఒక్క మెతుకు చాలునా?

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు మన తల్లులు కుండలోని మెతుకులన్నిటిని నొక్కి చూడరు. ఒక్క మెతుకు పట్టి చూచి కుండ దించెదరు. తర్కశాస్త్రము పేరైనను విననివారు సైతము ఇట్లు దినదినమును తర్కము చేయుచునే యున్నారు. ఆ తర్కమునకు రెండు మార్గములు కలవు. కొన్నిటిని చూచి, చూడని వానినిగూర్చి నిర్ణయించుట ఆగమనము. ముందుగా అంగీకరించిన సూత్రమునుండి, అందు ఇమిడియున్న ఫలితమును వెలికి దీయుట నిగమనము. ఈ రెంటికిని గల భేదమును కొన్ని దృష్టాంతములతో వివరింతును.

ఒక తరగతిలో ముప్పదిమంది విద్యార్థులు తలకొక త్రిభుజమును గీసి, దాని మూడు కోణములను కొలిచి కూడిరనుకొందము. ఒకనికి 179 డిగ్రీలు, వేరొకనికి 181, పెక్కుమందికి 180 వచ్చును. దీనినిబట్టి “త్రిభుజములన్నిటికిని మొత్తము 180 డిగ్రీలే” యనుట ఆగమనము. కాని మనము కొలువని త్రిభుజములు లెక్కకు మిక్కిలి. యూక్లిడ్ మార్గము వేరు. ఆయన ఒక్క త్రిభుజమునైనను కొలువడు. సమాంతరరేఖలను గూర్చిన సూత్రము నంగీకరించి, త్రిభుజశీర్షముగుండ ఒక భుజమునకు సమాంతరముగా రేఖ గీచినచో, మూడు కోణములును కలిసి ఒక సరళకోణమగునని చూపవచ్చును. ఇది నిగమనము. మొదట నంగీకరించినవి సత్యములైనచో దీని ఫలితము తప్పుటకు వీలులేదు. ఆగమన ఫలితమో, ఎంత బలమైనదైనను, సంభావ్యము మాత్రమే.

అట్లయిన నిగమనమే చాలునుగదా యని కొందరడుగవచ్చును. చాలదు. ఐరోపావాసులు తాము చూచిన హంసలన్నియు తెల్లనివగుటచే హంసజాతియంతయు తెల్లనిదే యని చిరకాలము నమ్మిరి. 1697లో విల్లెమ్ డి వ్లామింగ్ అను డచ్చి నావికుడు ఆస్ట్రేలియా పశ్చిమతీరమున నల్లహంసలను కనుగొనెను. “హంసలన్నియు తెల్లనివి; ఈ పక్షి నల్లనిది; కావున ఇది హంస కాదు” అను నిగమనమున తర్కదోషము లేదు. అయినను ఫలితము అసత్యము; ఏలయన దానికి ఆధారమైన సూత్రమే అసత్యము. అట్టి సూత్రములను మనకు సమకూర్చునది ఆగమనమే. 17వ శతాబ్దమున అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును చదివినవారికి కొండమీది పొగను చూచి నిప్పు నూహించు దృష్టాంతము తెలిసినదే. పొగయున్నచోట నిప్పుండునని వంటశాల మొదలగు తావులలో పలుమారు చూచి నేర్చితిమి. ఆ నియమమును కొండకు అన్వయించి నిప్పున్నదని తేల్చితిమి. మొదటిది ఆగమనము, రెండవది నిగమనము. రెండును ఒక బండికి రెండు చక్రములవంటివి.

ఈ విషయమునకు మన సికిందరాబాదుననే గొప్ప నిదర్శనము జరిగినది. మలేరియా క్రిమి రోగుల రక్తమున నుండునని లావెరన్ 1880లో కనుగొనెను. దోమలకును ఆ క్రిమికిని సంబంధము కలదని మాన్సన్ ఊహించెను. సైనికవైద్యుడగు రొనాల్డ్ రాస్ ఇట్లు తర్కించెను: ఆ యూహ నిజమైనచో, రోగిరక్తము త్రాగిన దోమ కడుపున ఆ క్రిమి పెరుగుచు కనబడవలెను. ఇది నిగమనము. ఆయన 1895 మొదలు అనేకములగు దోమలను కోసి సూక్ష్మదర్శినితో పరిశీలించెను, క్రిమి కనబడలేదు. “ఇన్నిటిలో లేదు గనుక ఏ దోమయందును లేదు” అని ఆయన విరమించియుండినచో అది తొందరపాటు ఆగమనమై యుండెడిది. తాను చూచినవి ఒకటి రెండు జాతుల దోమలు మాత్రమే యని గ్రహించి, మచ్చల రెక్కలుగల వేరొక జాతిని పరీక్షించెను. అవియే నేడు అనాఫిలిస్ అనబడు దోమలు. 1897 ఆగష్టు 20వ తేదీన అట్టి దోమ యొక్క కడుపుగోడలో ఆ క్రిమికి గురుతైన నల్లని రేణువులుగల కణములను చూచెను. మరుసటి యేడు కలకత్తాలో పక్షులపై పరిశోధనలు జరిపి, దోమకాటుచే వాని మలేరియా వ్యాపించు విధమును నిరూపించెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

ఇప్పుడు కుండయొద్దకు మరలుదము. ఒక్క మెతుకు ఏల చాలుచున్నది? ఒకే బియ్యము, ఒకే నీరు, ఒకే మంట గనుక. పాతబియ్యమును క్రొత్తబియ్యమును కలిపి వండినచో ఆ పరీక్ష చెల్లదు. రాస్ మొదట చూచిన దోమలును అట్టి వేరు బియ్యపు మెతుకులే. కావున ఎన్నిటిని చూచితిమన్న ప్రశ్నతోపాటు, చూచినవియు చూడనివియు ఒకే కుండలోనివా యన్న ప్రశ్నయు వేసికొనవలెను.

విద్యార్థులారా! ఈ ప్రశ్న శాస్త్రజ్ఞులకు మాత్రమే కాదు. ఒక యూరివాడు మోసగించెనని ఆ యూరినంతయు, ఒక కులమువాడు కోపించెనని ఆ కులమునంతయు నిందించువారు కలరు. పిదప ఆ కులమువాడే యని నిర్దోషిని సైతము దూరముంచెదరు. మొదటిది చెడిన ఆగమనము, రెండవది దానినుండి పుట్టిన నిగమనము. మనుష్యులందరును ఒక్క కుండలో ఉడికిన మెతుకులు కారు. ఒక్కొక్కరిని ఎరిగిన పిమ్మటనే వారినిగూర్చి పలుకుట తర్కమునకు తగినది, ధర్మమునకును తగినది.