చేపల తొట్టికి చెక్క బల్ల

దోహాలో మన కుటుంబాల ఇళ్ళకు వెళ్ళినప్పుడు ముందు గదిలో చేపల తొట్టి కనిపించడం మామూలే. ఫ్లాటులో ఆవునో, కుక్కనో పెంచలేము. జూన్ వచ్చిందంటే పిల్లలను పగటిపూట బయటికి పంపే వీలూ ఉండదు. చిన్నప్పుడు చెరువుగట్టున తువ్వాలుతో చేపపిల్లలను పట్టిన నాన్నలు ఇప్పుడు ఆ వేడుకను గాజుపెట్టెలో చూపిస్తున్నారు. మంచి పనే. అయితే చేపల గురించీ ఫిల్టర్ల గురించీ ఎంతో విచారించి, పదిచోట్ల బేరమాడి తొట్టి కొన్నవారు కూడా, ఇంటికి తెచ్చాక దాన్ని టీవీ బల్ల మీదనో, పుస్తకాల అర మీదనో పెట్టేస్తున్నారు. ఈ నెల మేము రాయదలచుకున్నది ఆ కింది బల్ల గురించి.

ముందు బరువు లెక్క చూద్దాం. 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టిలో 9 ఘనపుటడుగుల నీరు పడుతుంది. అంటే సుమారు 255 లీటర్లు. లీటరు నీరు కిలో కాబట్టి నీరే 255 కిలోలు. 10 మిల్లీమీటర్ల గాజుతో చేసిన తొట్టి 50 కిలోల దాకా తూగుతుంది. అడుగున పరిచే గులకరాళ్ళు తక్కువలో తక్కువ పాతిక కిలోలు వేసుకోండి. మొత్తం 330 కిలోలు. పాతిక కిలోల బియ్యం బస్తాలు 13 ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు! ఆ బస్తాలను టీవీ బల్ల మీద పెడతామంటే ఏ ఇల్లాలైనా ఒప్పుకుంటుందా? నీరు కళ్ళకు తేలికగా కనబడుతుంది, అంతే. పైగా బస్తా కదలదు, నీరు ఊగుతుంది. చేపను చూద్దామని నాలుగేళ్ళ పిల్లవాడు తొట్టి అంచు పట్టుకుని మునివేళ్ళ మీద లేచినప్పుడు కింది బల్ల ఒక్క అంగుళం ఒరిగితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. కింది అంతస్తువారి సీలింగు సంగతి ఆ తరవాత.

అంగళ్ళలో దొరికే బల్లలు చాలామట్టుకు చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసినవి. పైకి టేకులా మెరుస్తాయి. ఒక మూల నుంచి నీరు దిగిందంటే అప్పడంలా ఉబ్బి పొడిపొడిగా రాలతాయి. అందుకే గట్టి చెక్కతో బల్ల మనమే చేసుకోవడమో, దగ్గర నిలబడి చేయించుకోవడమో మేలని మా అభిప్రాయం. టేకు అక్కరలేదు. మామూలు పైను చెక్క, 2 అంగుళాలు 4 అంగుళాలని పిలిచే కొయ్యలు చాలు. చిత్రిక పట్టాక అవి నిజానికి 38 మిల్లీమీటర్లు 89 మిల్లీమీటర్లే ఉంటాయి, కొలతలు ఆ ప్రకారం వేసుకోవాలి.

బల్ల కట్టడంలో కిటుకంతా మన పాత పెంకుటిళ్ళలోనే ఉంది. దూలం నిట్రాడి తల మీద కూర్చుంటుంది. దాన్ని నిట్రాడి పక్కన ఆనించి మేకు కొట్టి వేలాడదీసిన వడ్రంగిని మేమెక్కడా చూడలేదు. బల్లకూ అదే న్యాయం. పై చట్రం కాళ్ళ తలల మీద కూర్చోవాలి, కాళ్ళు నేరుగా నేల మీద ఆనాలి. బరువు చెక్క మీద నుంచి చెక్క మీదికి దిగాలి. స్క్రూల పని చెక్కలు కదలకుండా పట్టుకోవడమే గాని బరువు మోయడం కాదు. నిలువుగా నిలబెట్టిన పైను కొయ్య ఒక్కటే ఈ తొట్టి బరువంతా మోయగలదు. నాలుగు కాళ్ళు పెట్టేది నిలకడ కోసం.

ఇక అడ్డ దూలాలు. కొయ్యను పడుకోబెట్టి వాడితే వంగుతుంది, నిలువు అంచు మీద వాడితే వంగదు. ఎంత తేడా అంటారా? అదే కొయ్య, అదే బరువు, వంపు మాత్రం అయిదున్నర రెట్లు తక్కువ. పొడుగు దూలం మధ్యలో ఇంకో కాలు పెట్టి దూరాన్ని సగం చేస్తే వంపు పదహారో వంతుకు దగ్గరగా పడిపోతుంది. ఈ సంగతి ఖతరువాసులకు ఎప్పటినుంచో తెలుసు. చెట్టు లేని ఈ నేలకు కొయ్యంతా ఓడ మీద రావలసిందే. మలబారు టేకు పడవలకు వచ్చేది, తూర్పు ఆఫ్రికా మడచెట్ల కొయ్యలు ఇంటి కప్పులకు వచ్చేవి. ఆ మడకొయ్య ఎంత దూరం వంగకుండా నిలుస్తుందో గది వెడల్పు అంతే. పాత ఇళ్ళలో గదులు పొడుగ్గా, ఇరుకుగా ఉండేది అందుకే. సూఖ్ వాఖిఫ్ వెళ్ళినప్పుడు ఒకసారి తలెత్తి కప్పు చూడండి. మన కోరంగి మడ అడవులు ఎరిగినవారికి ఆ కొయ్యలు చుట్టాల్లా కనబడతాయి.

కాళ్ళు ఎంత లావైనా, వెనకవైపు మూసి ఉండకపోతే బల్ల పక్కకు ఒరుగుతుంది. ఖాళీ అగ్గిపెట్టె పైడొప్పను పక్కనుంచి నొక్కితే అణగినట్టే. వెనక 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక ఒకటి జిగురూ స్క్రూలతో బిగించి, రెండు పక్కలా అలాగే చేస్తే ఆ భయం లేదు. ఈ పలక అందానికని కొందరనుకుని ఖర్చు తగ్గించడానికి మానేస్తారు. అన్నీ తగ్గించండి, దీన్ని తగ్గించకండి.

రసమట్టం పెట్టి నాలుగువైపులా చూడాలి. పలుచని చెక్కముక్కలు కాళ్ళ కిందే పెట్టాలి గాని తొట్టి కింద కాదు. అడుగు గాజు నేరుగా బల్లకు ఆనే తొట్టి అయితే మధ్యన అర అంగుళం థర్మోకోల్ పరచాలి. ఇసుక రేణువొకటి కింద ఇరుక్కున్నా గాజు అక్కడే పగులుతుంది. గది మధ్యలో కాకుండా గోడవారగా పెట్టండి. శ్లాబు గురించి అనుమానముంటే అడగండి, మన సంఘంలో సివిల్ ఇంజనీర్లకు కొదవ లేదు కదా.

చెక్కకు వార్నిష్ అన్నివైపులా, కోసిన అంచులతో సహా, మూడు పూతలు వెయ్యాలి. ఇక్కడ చెక్క పడే బాధ మన ఊళ్ళో పడదు. లోపల ఏసీ దాన్ని ఎండగడుతుంది, ఆగస్టు, సెప్టెంబరు నెలల ఉక్క మళ్ళీ ఉబ్బిస్తుంది. కరెంటు 240 వోల్టులు కాబట్టి ప్లగ్గు బల్ల లోపల అడుగున పెట్టకండి. గోడకు ఎత్తుగా పెట్టి, తీగను సాకెట్టు కన్నా కిందికి జారవిడిచి మళ్ళీ పైకి తీసుకెళ్ళండి. తీగ వెంట జారిన నీటిచుక్క ఆ వంపులోనే రాలిపోతుంది.

బల్ల మీద తొట్టి పెట్టాక సగం నీరు నింపి ఒక రాత్రి ఉంచండి. తెల్లవారి రసమట్టం మళ్ళీ చూసి, తేడా లేకపోతే మిగతా సగం పొయ్యండి. వేసవిలో మేడమీది ట్యాంకు నుంచి చన్నీళ్ళ కుళాయిలో కూడా వేడినీళ్ళే వస్తాయి కాబట్టి నీరు చల్లారనివ్వాలి, క్లోరిన్ విరిచే మందు వెయ్యాలి. ఫిల్టరు కొన్ని వారాలు తిరిగాకే చేపలు. సెలవులకు ఊరు వెళ్ళేవారు మాత్రం ఏసీ ఆపి తాళం వేసి వెళ్ళవద్దు. మూసిన ఇంట్లో తొట్టి నీరు చేపలు తట్టుకోలేనంత వేడెక్కుతుంది. తాళంచెవి పక్కింటి వారికిచ్చి, మేత ఎంత వెయ్యాలో రోజుకో పొట్లం కట్టి మరీ వెళ్ళండి. లేకపోతే జాలికొద్దీ డబ్బా అంతా ఒక్కరోజే వేసేస్తారు.