బాటలో తోడు వచ్చే మూగజీవి హక్కు

ఖమ్మం మైదానం ముగిసి భద్రాచలం అడవి మొదలయ్యే సరిహద్దులో ఉన్నది మా చండ్రుగొండ. అడవిలో తునికాకు సేకరణ సాగే రోజులలోనే ఇక్కడి బడులకు వేసవి సెలవులు వస్తాయి. కొత్తగూడెం పరిసరాలలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త సంగతి కాదు. ఆ ఎండలోనే మన కుటుంబాలు అనేకం హైదరాబాదులోని బంధువుల ఇళ్లకు బయలుదేరుతాయి. చార్మినార్, గోల్కొండ, జూపార్కు చూడాలని పిల్లల కోరిక. పెళ్లిళ్ల బట్టలు కొనాలని పెద్దల అవసరం. కొన్నేళ్లుగా ఆ ప్రయాణపు సామానులో పిల్లి బుట్ట కూడా చేరుతున్నది. ఈ వ్యాసం ఆ బుట్టలోని ప్రాణిని గురించి.

సాయంకాలం మా వద్ద ఖుర్ఆన్ పఠనం నేర్చుకొనే ఒక బాలుని ఇంట్లో పిల్లి ఉండేది. సెలవులకు ముందు పాఠంలో మేము పిల్లిని కట్టివేసిన స్త్రీ వృత్తాంతం చెప్పాము. ఆమె దానికి తిండి పెట్టలేదు, తానే వెదుక్కొని తిననివ్వనూ లేదు. ఆ పాపానికే ఆమె నరకశిక్షకు గురయిందని దైవప్రవక్త (స) తెలిపారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ హదీసు ఉన్నది. పాఠం ముగిశాక ఆ బాలుడు లేచి అడిగాడు: "ఉస్తాద్, మేము ఊరికి వెళ్తే పిల్లిని ఇంట్లో వదలవచ్చా?" "వదిలిపెట్టి పోవడం మంచిది కాదు, వెంట తీసుకువెళ్లండి" అని మేము వెంటనే బదులిచ్చాము. వారి పొరుగున ఉన్న ఒక హిందూ సోదరి మాత్రం ఆ బాలుని తల్లితో, "పిల్లి మనుషుల కన్నా ఇంటిని నమ్ముకుంటుంది అక్కా, నాకు వదిలి వెళ్లండి" అన్నదట. కాని ఉస్తాదు చెప్పిన మాటను కాదని ఆమె మాట వినేవారెవరు?

వారు ఉదయం తొమ్మిదిన్నరకు కారులో బయలుదేరారు. ఖమ్మం దాటి సూర్యాపేట చేరేసరికి జుహ్ర్ వేళ అయింది. మస్జిదు దగ్గర వేపచెట్టు నీడలో కారు నిలిపి, అద్దాలు రెండు వేళ్ల వెడల్పు దించి, బుట్టను వెనుక సీటులో ఉంచి నమాజుకు వెళ్లారు. నమాజు తరువాత భోజనం. నలభై నిమిషాలు గడిచాయి. అప్పటికి నీడ పక్కకు జరిగింది. బాలుడు బుట్ట తెరిచేసరికి పిల్లి చనిపోయి ఉన్నది.

సెలవుల తరువాత ఆ బాలుడు వచ్చి, "ఉస్తాద్, ఆ స్త్రీకి పడిన శిక్ష మాకూ పడుతుందా?" అని అడిగాడు. ఆమె తెలిసి కట్టివేసిందని, మీరు మేలు చేయాలనే తలంపుతో తెలియక పొరబడ్డారని, తెలియక జరిగిన దానిని అల్లాహ్ క్షమిస్తాడని చెప్పి ఊరడించాము. అయితే ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆ కుటుంబానికి మేము సగం పాఠమే చెప్పాము. ఆ స్త్రీ నేరం పిల్లిని వదిలి వెళ్లడం కాదు. బంధించి, దాని అవసరం తీర్చకపోవడం. ఇంట్లో బంధించినా బుట్టలో బంధించినా ఆ విచారణ ఒక్కటే.

మిగిలిన సగం పాఠం కూడా మన గ్రంథాలలోనే ఉన్నది. ప్రయాణంలో ఒక మజిలీలో దిగినప్పుడు ఒంటెల మీది బరువులు దించనిదే తాము నమాజు చేసేవారము కామని హజ్రత్ అనస్ (రజి) తెలిపినట్లు అబూదావూద్‌లో ఉన్నది. నమాజు కన్నా ముందు జంతువుకు విశ్రాంతి! సూర్యాపేటలో ఆ బుట్టను చల్లని చోటికి చేర్చి, ఒకరు దాని వద్ద ఉండి, మిగిలినవారు ముందు నమాజు చేసుకొని ఉంటే ఆ సహచరుల బాటలోనే నడిచినట్లయ్యేది. పచ్చిక ఉన్న నేలపై ప్రయాణిస్తే ఒంటెలకు మేత వాటా ఇవ్వాలని, కరవు నేలపై అయితే అవి నీరసించక మునుపే త్వరగా దాటిపోవాలని దైవప్రవక్త (స) బోధించినట్లు ముస్లిం గ్రంథంలో ఉన్నది. అంటే ప్రయాణపు వేగాన్ని, వేళను నిర్ణయించడంలో జంతువుకు కూడా హక్కున్నది.

కనుక వేసవిలో మొదట వేసుకోవలసిన ప్రశ్న, "ఎలా తీసుకువెళ్లాలి?" అన్నది కాదు, "ఈ ప్రయాణం దానికి అవసరమా?" అన్నది. పిల్లి తన చోటును ఎరిగిన ప్రాణి. కొత్త ఇల్లు, కొత్త వాసనలు, జనసందడి దానిని భయపెడతాయి. జూపార్కులోనికి, సాలార్‌జంగ్ మ్యూజియంలోనికి దానిని రానివ్వరు. అప్పుడది ఎక్కడ ఉంటుంది? కారులో, లేదా బంధువుల ఇంట మూసిన గదిలో. నమ్మకమైన పొరుగువారికి తాళంచెవి అప్పగించి, నీడలో రెండు మట్టిపాత్రల నిండా నీరు ఉంచి, రోజుకు రెండు పూటలు తిండి పెట్టేలా మాట తీసుకొని వెళ్లడం చాలాసార్లు దానికి మేలు. అది అమానతు, అప్పగించేది ముస్లింకా ముస్లిమేతరునికా అన్నది కాదు, నిజాయితీ గలవారికా అన్నదే చూడాలి.

తప్పనిసరి అయితే కొన్ని జాగ్రత్తలు పాటించాలి. పిల్లికి, కుక్కకు మనవలె ఒళ్లంతా చెమట పట్టదు. పాదాలకు మాత్రమే కొద్దిగా పడుతుంది. ఒంటి వేడిని కుక్క ముఖ్యంగా రొప్పడం ద్వారా, పిల్లి అయితే ఒళ్లు నాకుకొని తగ్గించుకుంటాయి. చప్పిడి ముక్కు గల పర్షియన్ పిల్లులకు ఆ పని మరింత కష్టం. ఎండలో నిలిపిన కారులో పది నిమిషాలలోనే వేడి పది డిగ్రీల మేర పెరగగలదు. అద్దాలు కొంచెం దించినంత మాత్రాన అది ఆగదు. కాబట్టి ఫజ్ర్ నమాజు కాగానే బయలుదేరాలి. బయలుదేరే ముందు కడుపునిండా పెట్టరాదు. గాలి ఆడే గట్టి బుట్ట, దానికి అలవాటైన పాత గుడ్డ, నీటిపాత్ర వెంట ఉండాలి. ఎండలో నడిపించవలసి వస్తే మన అరచేతి వెనుకభాగాన్ని తారురోడ్డుపై ఆనించి చూడాలి. మన చేయి ఓర్వలేని వేడిని దాని పాదం కూడా ఓర్వలేదు.

పిల్లి నోరు తెరిచి రొప్పితే అది అపాయ సూచన. చొంగ కారడం, తూలడం, సొమ్మసిల్లడం ఇంకా ప్రమాదం. వెంటనే నీడకు చేర్చి, మంచునీటితో కాక మామూలు చల్లని నీటితో ఒళ్లు తడిపి, విసరుతూ పశువైద్యుని వద్దకు తీసుకుపోవాలి. స్పృహ లేని ప్రాణి నోట్లో నీరు పోయరాదు. హైదరాబాదులో నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉన్నది. రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉన్నది. వాటి దారి ముందే తెలుసుకొని ఉండాలి.

కారు లేనివారి సంగతి వేరు. 2022 ఫిబ్రవరిలో కరీంనగర్ వెళ్లే ఆర్టీసీ బస్సులో కోడిపుంజుకు 30 రూపాయల టికెట్టు కొట్టారన్న వార్త చదివి అందరూ నవ్వుకున్నారు. బస్సులో జంతువులను తీసుకుపోవడం నియమాలకు విరుద్ధమని అధికారులు అప్పుడే చెప్పారు. రైలులో మొదటి తరగతి ఏసీలో కూపే గాని క్యాబిన్ గాని పూర్తిగా తమకే దక్కినవారు కుక్కను వెంట ఉంచుకోగలరు; లేకుంటే గార్డు పెట్టెలోని గూటిలో పంపవలసి ఉంటుంది. మే నెల మధ్యాహ్నం ఆ గూటిలో ప్రాణి ఎలా ఉంటుందో ఒక్క క్షణం ఆలోచించండి. 1978 నాటి జంతు రవాణా నియమాలు పిల్లులకు, కుక్కలకు పశువైద్యుని ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలంటున్నాయి. రేబిస్ టీకా కూడా వేయించి ఉండాలి.

అడవి అంచున నివసించే మనకు మరొక మాట. నగరంలోని పిల్లలకు బహుమతిగా చిలుక పిల్లలను పంజరంలో తీసుకుపోయేవారు ఉన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన అడవి చిలుకలను పట్టడం, అమ్మడం, పెంచడం నేరం. ఒక ప్రయాణంలో సహచరులు ఒక పక్షి కూనలను తీసుకోగా తల్లిపక్షి అల్లాడింది. అది చూసిన దైవప్రవక్త (స) కూనలను దానికి తిరిగి ఇచ్చివేయమని ఆదేశించినట్లు అబూదావూద్‌లో ఉన్నది. చట్టం రాకముందు నుండే ఈ ఆదేశం మన వద్ద ఉన్నది.

ఈ వేసవిలో ఆ బాలుని కుటుంబం మళ్లీ హైదరాబాదు వెళ్లింది. వారి ఇంట ఇప్పుడు మరొక పిల్లి ఉన్నది. బయలుదేరే ముందురోజు ఆ బాలుడు మా వద్దకు రాలేదు. నేరుగా పొరుగింటికి వెళ్లి తాళంచెవి ఇచ్చి వచ్చానని తరువాత చెప్పాడు. మేము అతనిని మెచ్చుకొని, ఆ సోదరికి మా తరఫున కృతజ్ఞతలు చెప్పమని పంపాము. గత ఏడాది ఆమె మాటను అడిగి వినవలసినది మేమే.

మన పోషణలో ఉన్న ప్రతి ప్రాణి హక్కును తెలుసుకొని నెరవేర్చే భాగ్యాన్ని, తెలియక చేసిన పొరపాట్లకు క్షమాపణను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.